లోటులేనమ్మ

పాస్తా పిండిని సన్నటి తాడులా సాగదీసి, చాకుతో ముక్కలు కోసి, ఒక్కో ముక్కనీ మూడువేళ్ళ కొసలతో నొక్కి చెక్కబల్ల మీద తనవైపు ఈడ్చడం ఇంకొరొనాతాకి చూడకుండానే వచ్చు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్ళకి పని ఉండదు. పని లేని కళ్ళు ఎదుటింటి గుమ్మం మీదికి పోతాయి. ఎదుటిల్లు ఆడపడుచు మద్దలేనాది, చనిపోయిన భర్త కానియోకి అక్క. రెండు గుమ్మాల మధ్య సందు ఒక గాడిద మోపుతో దూరేంత వెడల్పు. ఆ సందు దాటి మద్దలేనా మాట ఇటు వచ్చి యాభై ఏళ్ళు కావస్తోంది.

మార్చి నెల ఎండకి మద్దలేనా కుర్చీ బయట వేసుకుంది. ఇటలీ దక్షిణాన ఉన్న మా పియెత్రస్కూరలో ఆడవాళ్ళు వీధికి వీపు పెట్టి, సొంత గుమ్మం వైపు తిరిగి కూర్చుంటారు. అలా కూర్చునే ఊళ్ళో ఎవరు ఎటు పోయారో అన్నీ చెబుతారు. ఎదురింటివాళ్ళతో మాటలుంటే కుర్చీ కాస్త పక్కకి తిప్పుకుంటారు. మద్దలేనా కుర్చీ మాత్రం ఎప్పుడూ నిటారుగా గుమ్మానికే ఉంటుంది. ఇంకొరొనాతాకి కనిపించేది నల్ల రవికె వీపూ, తెల్ల జుట్టు ముడీ. ఆ ముడి నల్లగా ఉన్నప్పటినుంచీ ఆవిడ దాన్నే చూస్తోంది.

"అత్తా, ఉన్నావా?" అంటూ జెరార్దో వచ్చాడు. ఒకప్పటి సినిమా హాల్లో ఇప్పుడు ముసలాళ్ళ క్లబ్బు నడుపుతాడు. పేకముక్కలూ కాఫీ అతని వ్యాపారం, ఊళ్ళో కబుర్లు మోయడం అతని ఉచిత సేవ. వెనకాల గళ్ళ చొక్కా మనిషొకడు, చెవులకి పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లు మెళ్ళో దండలా వేసుకున్న అమ్మాయొకతె.

"రోమ్ నుంచి డాక్టరుగారొచ్చారు. నీకోసమే."

"నాకేం జబ్బు?"

"నేను డాక్టర్ని కాదండీ," అన్నాడు గళ్ళ చొక్కా. "నా పేరు లివియో. సినిమాలు తీస్తాను."

"సినిమాలు తీసే డాక్టరుగారు," అని సర్దాడు జెరార్దో. చదువుకున్నవాడు ఎవడొచ్చినా మా ఊరికి డాక్టరే. కాదంటే వాడికే నామోషీ.

లివియో తను వచ్చిన పని చెప్పాడు. ఇటలీ ఒక్క దేశమై నూట యాభై ఏళ్ళవుతోంది. పాత వార్తాచిత్రాలు ఎక్కడెక్కడివో వెతికి, ఆ ముక్కలతోనే చిత్రం కడుతున్నాడు. రాజుల ఊరేగింపులు, ఆఫ్రికాకి పోయే ఓడలు, ఉత్తరాన తూరినోకి కూలిపనులకి పోయే రైళ్ళ కిటికీల్లో మన దక్షిణాదివాళ్ళ తలకాయలు. ఈ పదిహేడున టీవీలో వేస్తారట.

"ఉత్తరాదితో మనకి పెళ్ళయి నూట యాభై ఏళ్ళయింది," అన్నాడు జెరార్దో. "పెళ్ళికూతుర్ని ఇష్టమేనా అని ఇంకా ఎవడూ అడగలేదు."

లివియో నవ్వి, ఆ మాట తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఇంకొరొనాతాకి అది నచ్చలేదు. జెరార్దో ఆ మాటని ప్రతి పేకాటలోనూ అంటాడు, ఎవరూ రాసుకోరు.

పిండి బల్ల చివర ల్యాప్‌టాప్ పెట్టారు. ఇంకొరొనాతా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకుంది. తెర మీద నలుపూతెలుపులో ఊరి కూడలి, కొత్తగా కట్టిన వీధి కుళాయి, దాని మెడకి రిబ్బను. పక్కన రాగి బిందెతో ఒక పిల్ల. పిల్ల భుజాల మీద అంచుకి కుచ్చులున్న శాలువా. పిల్ల నోరు కదిలింది. లోపల్నుంచి ఎవరో మహరాణి మాట్లాడినట్టు ఒక గొంతు వచ్చింది.

"మా గ్రామమునకు నీరు వచ్చినది, దీపము వచ్చినది. మాకిక ఏ లోటునూ లేదు. ఇటాలియనులమైనందుకు మేమెంతయో గర్వించుచున్నాము!"

మా ఊళ్ళో ఆ భాష మాట్లాడినవాళ్ళు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. చర్చి ఫాదరు కూడా ప్రసంగంలోనే మాట్లాడేవాడు. అయినా ఏం లాభం? పెదవులు ఆవిడవి. జెరార్దో వాళ్ళ నాన్న హాల్లో ఆ వార్తాచిత్రం వేసిన రాత్రి నుంచి ఇంకొరొనాతా మాకు లోటులేనమ్మ అయింది. పిల్లలు అరిచేవాళ్ళు. ఆ పిల్లలకి పిల్లలు పుట్టి వాళ్ళూ అరిచారు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ అదే ఇంటిపేరనుకుని "లోటులేనమ్మగారూ" అని మర్యాదగా పిలిచాడు.

"ఈ గొంతు రోమ్‌లో పెట్టింది," అన్నాడు లివియో. "గిడ్డంగిలో అసలు రీలు దొరికింది. మూగ రీలు. ఇక్కడ అసలు శబ్దమే పట్టుకోలేదు. ఆ రోజుల్లో అదే పద్ధతి. బొమ్మ తీసుకుపోవడం, మాట అక్కడ అతికించడం. ఈ దేశాన్ని సైన్యం కలిపిందంటారు గానీ, నన్నడిగితే డబ్బింగ్ కలిపింది."

"అంటే నా మాట..."

"ఎక్కడా లేదండీ."

ఇంకొరొనాతా కుర్చీలో కూర్చుంది. ఆవిడకి ముందు వచ్చింది బాధ కాదు, ఊపిరి. యాభై ఏళ్ళుగా ఎక్కడో ఒక డబ్బాలో తన గొంతు దాగి ఉందనీ, ఏదో ఒకరోజు బయటపడుతుందనీ భయపడుతూనే ఉంది. ఆ భయం ఒక్క మాటతో పోయింది.

"కానీ మీరు చెప్పింది వేరని ఊళ్ళో అంటున్నారు," అన్నాడు లివియో ముందుకి వంగి. "కుళాయి దొంగనాటకమనీ, నీళ్ళు లారీలో తెచ్చి పోశారనీ మీరు వాళ్ళ మొహానే చెప్పారట. మీరే అంటుంటారట."

"అంటుంటుంది," అన్నాడు జెరార్దో. "నమ్మినవాడు లేడు గానీ, అత్త అనడం మానలేదు."

"ఆ మాటలే ఇప్పుడు చెప్పండి. మీ బొమ్మ చూస్తూ, మీ గొంతుతో, మీ యాసలో. మీ మాట మీకు తిరిగిచ్చేస్తాను."

సందు అవతల కుర్చీ కిర్రుమంది. మద్దలేనా వీపు కదల్లేదు. తల మాత్రం కొంచెం, కొంచెమే, పక్కకి ఒరిగింది. మా ఆడవాళ్ళు వీపుతో చూసినట్టే మెడతో వింటారు.

"రేపు చెప్తాను," అంది ఇంకొరొనాతా. బల్ల మీద పిండి అప్పటికే ఎండి పగుళ్ళు తీస్తోంది.

*

ఆ రోజు సంగతి ఆవిడ మర్చిపోలేదు. మర్చిపోయుంటే ఎంత బాగుండేది.

సందులో ఆడవాళ్ళంతా కలిసి పంపారు. నువ్వు ఐదో క్లాసు చదివావు, ధైర్యంగా మాట్లాడతావు, నువ్వే చెప్పు అన్నారు. మద్దలేనా తన పెళ్ళి శాలువా తెచ్చి భుజాల మీద కప్పి, పిన్ను పెట్టి, "మా రొక్కోగాడు బావి నీళ్ళకి నెలకోసారి పడకేస్తున్నాడు, అది కూడా చెప్పు," అంది. రొక్కోకి అప్పుడు నాలుగేళ్ళు. ఇంకొరొనాతా దారంతా మాటలు కూర్చుకుంటూ పోయింది. కూడలిలో తోలు కోటు మనిషి మైకు నోటి దగ్గర పెట్టాడు. దాని తీగ ఎటు పోయిందా అని చూస్తే, కొస అతని కోటు జేబులోనే ఉంది. అందులోనే ఏదో గొంతు పట్టే యంత్రం ఉంటుందనుకుంది. ఆవిడ నోరు తెరవబోయింది.

"అబ్బే, మాటలొద్దమ్మా," అన్నాడతను. "మీ భాష రోమ్‌లో ఎవడికీ తెలీదు. ఒకటి నుంచి ముప్పై దాకా లెక్కపెట్టు, నోరు చక్కగా కదుపు. మాటలు మేం పెట్టుకుంటాం."

లెక్కపెట్టింది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, తోలు కోటు మనిషి, చుట్టూ పోలీసులు. ఏం చేస్తుంది? లెక్కపెట్టడంలో తప్పు లేదు. తప్పు ఆ తర్వాతది. సందులోకి రాగానే ఆడవాళ్ళు చుట్టుముట్టారు, చెప్పావా, చెప్పావా అని. మద్దలేనా పిన్ను తీస్తూ మొహంలోకి చూసింది. "చెప్పేశాను వదినా, అంతా చెప్పేశాను," అంది ఇంకొరొనాతా. ఆ సాయంత్రం ఆవిడకి మూడిళ్ళ నుంచి గుడ్లొచ్చాయి.

మర్నాటికే కుళాయి ఎండిపోయింది. తర్వాత సినిమా వచ్చింది. నేనలా అనలేదంటే, మరేమన్నావ్ అంటారు. లెక్కపెట్టాను అంటే, మరి చెప్పేశానన్నావే అంటారు. ఒక అబద్ధం కింద ఇంకోటి, రెండు రాళ్ళ మధ్య చెయ్యి ఇరుక్కున్నట్టయింది. ఆ ఆగస్టులో రొక్కో టైఫాయిడ్‌తో పోయాడు. శవం లేచేటప్పుడు మద్దలేనా ఆవిడ వైపు తిరిగి, "నీకేం లోటు లేదుగా," అంది. ఆఖరి మాట అదే. ఆ తర్వాత కానియో పెళ్ళాన్ని వెనకేసుకొచ్చాడు, అక్క ముందు మాత్రం తలొంచుకునే తిరిగాడు. అలాగే పోయాడు.

లివియో వచ్చిన మర్నాడు, గురువారం పొద్దున, క్లబ్బులో ఎవరూ లేరు. గోడకి దుప్పటి కట్టారు. ఒర్నెల్లా, ఆ హెడ్‌ఫోన్ల అమ్మాయి, చిన్న స్టాండు మీద మైకు బిగించి, చుట్టూ కంబళ్ళు వేలాడదీసింది. తూరినోలో పుట్టింది గానీ అమ్మమ్మది మా పక్క ఊరేనట. యాస విరిగిపోయి వస్తుంది, వచ్చినంత వరకూ తియ్యగా ఉంటుంది.

"ఊరికే ఓసారి మాట్లాడండి అవ్వా. అలవాటవ్వడానికి."

"రికార్డవుద్దా?"

"గొంతు ఎంత పైకి వస్తుందో చూసుకోడానికి అంతే."

దుప్పటి మీద ఆ పిల్ల వచ్చింది. ఇరవై సెకన్ల ముక్క. అయిపోగానే మళ్ళీ మొదలు. బిందె, రిబ్బను, నోరు. బిందె, రిబ్బను, నోరు. నాలుగైదు సార్లు చూస్తూ ఊరుకుంది. తర్వాత ఇంకొరొనాతా గొంతు సవరించుకుంది. ఆ రోజు దారంతా కూర్చుకున్న మాటలు ఎక్కడికీ పోలేదు, వరసగా ఉన్నాయి.

"ఈ కుళాయికి గొట్టం లేదు బాబూ. నీళ్ళు పొద్దున లారీలో తెచ్చి పోశారు. మీరటు పోతే ఇటు ఎండిపోద్ది. మేం తాగేది కింద బావి నీళ్ళు, పురుగులున్న నీళ్ళు. పిల్లలు పడకేస్తున్నారు. మీకు దణ్ణం పెడతా, ఈ ముక్క రోమ్‌లో చెప్పండి."

ఒర్నెల్లా హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి తీసింది. "పెదాలు కలవట్లేదు లివియో. ఆవిడ నోరు పొట్టిపొట్టిగా, ఒకే తూకంగా తెరుచుకుంటోంది. ఈ మాటలు పొడుగు."

లివియో వినట్లేదు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు పాపం. "జరుపుదాం, సాగదీద్దాం," అన్నాడు. "ఈ దేశంలో ఎవడి పెదవికి ఎవడి మాట కలిసింది గనక? నా సినిమాకి ఇవాళ ప్రాణం వచ్చింది అమ్మా. శనివారం ఊరందరి ముందూ మళ్ళీ చెప్పండి. మీరు చెప్తుండగా వాళ్ళ మొహాలు తీస్తాను."

ఇంకొరొనాతా ఇంటికి నడుస్తుంటే మోకాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఆ మాటలు బయటికొచ్చేశాయి. అవి నిజమైన మాటలు. లారీ నిజం, బావి నిజం, పురుగులు నిజం. చెప్పిన తారీఖు ఒక్కటే అబద్ధం. తారీఖుదేముంది అనుకుంది.

*

జెరార్దో నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ఊరంతా పాకింది. పాత రీలు దొరికిందట, డాక్టరుగారు ఏడ్చాడట, లోటులేనమ్మ నిజంగానే కడిగేసిందట. రీలు మూగదన్న సంగతి ఎక్కడో దారిలో జారిపోయింది.

రొట్టెల కొట్లో నలుగురూ జరిగి ఆవిడకి ముందు దారిచ్చారు. మేయరు కారాపి, కిటికీ దించి, "మీలాంటివాళ్ళు మా ఊరికి గర్వకారణం," అన్నాడు. ఆ ఊరికి ఇప్పటికీ ఎండాకాలం నీళ్ళు రోజు విడిచి రోజే వస్తాయని ఆవిడ అనబోయింది, ఆయన అద్దం ఎత్తేశాడు. పోస్ట్‌మాన్ మొదటిసారి అసలు పేరు కనుక్కొని మరీ పిలిచాడు. ఎవరో గుమ్మంలో గుడ్లు పెట్టి పోయారు. ఆనాడు మూడిళ్ళ నుంచి వచ్చిన గుడ్లు ఇంకొరొనాతాకి గుర్తొచ్చాయి. అయినా లోపల పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం గిన్నెలు కడిగి కిటికీ తీసింది. మద్దలేనా బయట కూర్చునుంది. కుర్చీ తిరిగి ఉంది.

పూర్తిగా కాదు, సగం. మొహంలో ఒక చెంప కనిపించింది. ఎంత ముడతలు పడిందో! ఆ చెంప ఇంత దగ్గర్నుంచి చూసి ఎన్నాళ్ళయిందో. మద్దలేనా చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒలిచి గింజలు ఒళ్ళో వేసుకుంటోంది. తల ఎత్తలేదు, పలకరించలేదు. కానీ కుర్చీ తిరిగింది. మా ఊళ్ళో కుర్చీ దానంతటది తిరగదు.

ఇంకొరొనాతా కిటికీ చట్రం పట్టుకుని నిలబడిపోయింది. వెళ్ళి పక్కన పీట వేసుకుని రెండు గుప్పెళ్ళ చిక్కుడుకాయలు తీసుకోవాలనిపించింది. అంతకంటే ఈ బతుక్కి కావలసింది ఏమీ లేదు. రేపు హాల్లో మైకు ముందు ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ చెబితే ఎల్లుండి వెళ్ళి కూర్చోవచ్చు. మద్దలేనా అడుగుతుంది, రొక్కో సంగతి కూడా చెప్పావటే అని. చెప్పానంటుంది. అప్పుడు కూడా సరిగ్గా ఇలాగే అడిగింది కదా, పిన్ను తీస్తూ.

ఆవిడ కిటికీ మూసేసింది. ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు.

*

శనివారం హాలు నిండిపోయింది. పేకాట బల్లలు గోడవారకి జరిపి బెంచీలు వేశారు. లివియో ఒక కెమెరా ఇంకొరొనాతా మీదా, ఒకటి జనం మీదా పెట్టాడు. మేయరు మూడు రంగుల పట్టీ వేసుకొచ్చాడు. అంతా కూర్చున్నాక తలుపు దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. మద్దలేనా వచ్చింది. సంతకీ చర్చికీ తప్ప గడప దాటని మనిషి. ముందు బెంచీలో వాళ్ళు చప్పున లేచి చోటిచ్చారు. కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దుప్పటి వంక చూసింది.

దీపాలార్పారు. ఆ పిల్ల వచ్చింది. ఇంత పెద్దగా చూస్తే శాలువా కుచ్చులు ఒక్కొక్కటీ లెక్కకి అందుతున్నాయి. మద్దలేనా చెయ్యి తెలియకుండానే తన భుజం మీదికి పోయింది, పిన్ను ఉండాల్సిన చోటికి. ఆ సినిమా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విన్నదే.

ముక్క ఒకసారి తిరిగింది. ఇంకొరొనాతా మాట్లాడలేదు. రెండోసారి తిరిగింది. "ఎప్పుడైనా సరే అమ్మా," అన్నాడు లివియో మెల్లిగా.

ఆవిడ దుప్పటిని చూడడం లేదు. ముందు బెంచీలో ఆ చేతిని చూస్తోంది. దేశం మొత్తాన్ని మోసం చెయ్యమంటే చేసేది, దేశం తనకేం చుట్టమని! అబద్ధానికి తిరిగిన కుర్చీ మాత్రం తనకొద్దు. ఒకసారి తిన్న గుడ్లు యాభై ఏళ్ళుగా అరగలేదు.

మూడోసారి నోరు తెరుచుకోగానే ఇంకొరొనాతా మైకు దగ్గరికి వంగింది.

"ఒకటి," అంది. "రెండు. మూడు. నాలుగు. ఐదు."

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆరుకి ఆ నవ్వు ఆగింది. ఏడుకి దుప్పటి మీది పెదవులు ఏడు అన్నాయి. ఎనిమిదికి ఎనిమిది. హాల్లో చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోయింది. ఆ పిల్ల నోరూ ఈ ముసల్ది నోరూ ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూసుకుంటున్నాయి. పన్నెండు దగ్గర పిల్ల తడబడి పెదవి తడుపుకుంది. ముసల్ది కూడా అక్కడే ఆగింది.

"కుదిరింది," అంది ఒర్నెల్లా ఎవరితోనూ కాకుండా. "అక్షరం పొల్లు పోకుండా కుదిరింది."

లివియో దీపాలు వేయించాడు. "ఏంటమ్మా ఇది? మొన్న చెప్పినవి చెప్పండి."

"మొన్న చెప్పినవి నేను చెప్పాలనుకున్నవి బాబూ. చెప్పినవి ఇవి." ఇంకొరొనాతా ఎవరి వంకా చూడకుండా మైకు స్టాండుకే చెప్పింది. "లెక్కపెట్టమన్నాడు. పెట్టాను. లోటు లేదనీ అనలేదు, లారీ సంగతీ చెప్పలేదు. ఇంటికొచ్చి చెప్పేశానన్నాను. శాలువా ఇచ్చిన మనిషితోనే అన్నాను."

మేయరు దగ్గాడు. ఎవరో "యాభై ఏళ్ళు మమ్మల్ని వెర్రివాళ్ళని చేసింది," అన్నారు. మద్దలేనా లేచింది.  బెంచీలు పట్టుకుంటూ, ఆగి ఆగి, తలుపు దాకా నడిచి వెళ్ళిపోయింది.

లివియో కోప్పడలేదు. వైర్లు చుట్టుకుంటూ, "ఫర్వాలేదమ్మా, మాకు కావలసింది దొరికింది," అన్నాడు. ఒర్నెల్లా అతని వంక అదోలా చూసి, పెట్టె మూసి, ఇంకొరొనాతా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. 

ఆదివారం ఎండ బాగా కాసింది. సందులో అందరి కుర్చీలూ బయటికొచ్చాయి. మద్దలేనాది రాలేదు. సోమవారమూ రాలేదు. పేరు మాత్రం మారింది. పిల్లలు ఇప్పుడు "లెక్కలమ్మా" అని అరుస్తున్నారు.

*

పదిహేడున ప్రతి బాల్కనీకీ జెండా కట్టారు. సాయంత్రం క్లబ్బులో టీవీ పెట్టారు, మా ఊరు కనిపిస్తుందని. ఇంకొరొనాతా రానంది. జెరార్దో ఊరుకోలేదు. "నువ్వు రాకపోతే ఇంకా ఎక్కువ మాట్లాడుకుంటారత్తా. వచ్చి కూర్చుంటే మొహమాటానికైనా నోరు మూసుకుంటారు." ఆ మాట నిజమే. వెళ్ళి తలుపు పక్కన కూర్చుంది. మద్దలేనా అప్పటికే అక్కడుంది, కౌంటరు దగ్గర. ఈవిడ వచ్చినట్టు చూసిందో లేదో తెలియలేదు.

రాజులు గుర్రాల మీద పోయారు. ఓడలు పోయాయి. రైళ్ళు పోయాయి. కిటికీల్లో తలకాయల్ని చూసి ఇద్దరు ముగ్గురు, "అదుగో, మా బాబాయి లాగున్నాడు," అన్నారు. తర్వాత మా కూడలి వచ్చింది. మహరాణి గొంతు ఏ లోటునూ లేదంది. హాల్లో ఎవరూ నవ్వలేదు. అప్పుడు లివియో గొంతు వినిపించింది. ఈ స్త్రీ నిజంగా ఏమన్నదో యాభై ఏళ్ళపాటు ఈ దేశం వినలేదు, ఇప్పుడు వినండి.

మళ్ళీ బిందె, రిబ్బను, నోరు. "ఈ కుళాయికి గొట్టం లేదు బాబూ..."

అది ఆవిడ గొంతే. గురువారం నాటిది, గొంతు ఎంత పైకి వస్తుందో చూసుకోడానికి అన్నది. ముసలి వణుకు తీసేసి సన్నం చేశారు. మాటలు అక్కడక్కడా సాగదీసి, అక్కడక్కడా నొక్కి, ఆ పిల్ల పెదవులకి అంటించారు. కుదిరిందంటే కుదిరింది, చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? కింద దక్షిణాది నిజస్వరం అని అక్షరాలు కూడా పడ్డాయి, ముక్క ఇంకోసారి మొదలైంది. జెరార్దో జేబులో ఫోను మోగింది. తూరినో నుంచి వాళ్ళ పిన్ని కొడుకు. అవతలి మాటలు అందరికీ వినిపించాయి. "చూస్తున్నావురా? అత్త ఎంత ధైర్యంగా చెప్పిందిరా! నాకు ఏడుపాగట్లేదు."

జెరార్దో ఫోను కట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

ఇంకొరొనాతా లేచి పోదామనుకుని మళ్ళీ కూర్చుంది. మొదటిసారి అబద్ధం వాళ్ళది, గొంతూ వాళ్ళదే. ఏనాటికైనా నాది కాదని అనుకోవచ్చు. ఈసారి గొంతు తనది. తనే ఇచ్చింది. దేశం మొత్తం నమ్ముతోంది. నమ్మనివాళ్ళు ఈ హాల్లో ఉన్న నలభైమందే, ఆవిడ రోజూ మొహం చూపించాల్సిన నలభైమంది.

కౌంటరు దగ్గర మద్దలేనా లేచింది. జెరార్దో ముందున్న రిమోట్ తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, మీటల్ని ఒక్కొక్కటీ వేలితో తడిమింది. ఒకటి నొక్కితే గొంతు ఇంకా పెరిగింది. ఇంకోటి నొక్కింది. గొంతు చచ్చిపోయింది.

"ఏయ్, పిన్నీ!" అని అరిచారు వెనక. "పెట్టు, పెట్టు!"

మద్దలేనా వినిపించుకోలేదు. టీవీకి అడుగు దూరంలో నిలబడి, ఆ పిల్ల నోట్లోకి చూస్తూ అందుకుంది.

"తొమ్మిది," అంది. "పది. పదకొండు."

గొంతు బొంగురుగా ఉంది. ఇంకొరొనాతా ఆ గొంతుని మర్చిపోలేదు గానీ, అది ముసలిదైపోయి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. పన్నెండు దగ్గర పిల్ల పెదవి తడుపుకుంది. మద్దలేనా అక్కడ ఆగింది, మళ్ళీ అందుకుంది. పధ్నాలుగుకి అరుపులు తగ్గాయి. పంతొమ్మిదికి పిల్ల మాయమై, తూరినో వీధుల్లో సైనికులు జెండాలతో కవాతు చేస్తూ వచ్చారు, చప్పుడు లేకుండా.

మద్దలేనా తిరిగింది. యాభై ఏళ్ళ తర్వాత పూర్తిగా ఇటు తిరిగి చూసింది.

"తర్వాతేం చెప్పావే?"

"ఇరవై," అంది ఇంకొరొనాతా.   "ముప్పై దాకా పెట్టమన్నాడు వదినా. పెట్టాను. వాడికి సగమే చాలినట్టుంది."

"రొక్కోగాడి సంగతి చెప్పలేదు."

"చెప్పలేదు."

"చెప్పినా పట్టుకునేది కాదటగా ఆ మైకు."

"కాదు. తీగ వాడి జేబులోనే ఉంది."

మద్దలేనా తల ఊపింది. క్షమించానని అనలేదు. అనే మనిషీ కాదు. వచ్చి ఇంకొరొనాతా పక్కన బెంచీ మీద కూర్చుంది, ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. జెరార్దో చెయ్యి చాపి రిమోట్ అడిగాడు. స్థానిక ఛానెల్లో మేయరు ప్రసంగం వచ్చే వేళయిందట. మద్దలేనా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మీద ఏప్రన్ కప్పుకుంది.

"పద," అంది ఇంకొరొనాతాతో, కాసేపయ్యాక. "చిక్కుళ్ళు సగం ఒలిచి పెట్టొచ్చాను. రిమోట్ వీడికి రేపిద్దాం."